చేతికివ్వని ఉప్పు

పొద్దున ఏడింటికి కొట్టు షట్టరు ఎత్తుతుండగానే అవినాష్‌కు ఫోనొచ్చింది. నందిగామ దగ్గర మునేటి ఒడ్డునున్న ఆశ్రమం మేనేజరు తిరుపతిరావు. పది బస్తాల కల్లుప్పు, ఐదు కిలోల కర్పూరం, విభూతి ఎంత ఉంటే అంత, పదకొండింటికల్లా పంపమన్నాడు. ఎవరికోసమని అవినాష్ అడగలేదు. సన్యాసి పోతే కాల్చరు. గోతిలో కూర్చోబెట్టి, చుట్టూ ఉప్పు పోసి సమాధి చేస్తారు. జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు నడిపేవాడికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. పైగా ఇప్పుడు ఆ ఆశ్రమంలో ఉన్న సన్యాసి ఒక్కరే.

అవినాష్ లోపలికెళ్ళాడు. వాళ్ళమ్మ సీతారావమ్మ వెనక వసారాలో కూర్చుని మినుములు చెరుగుతోంది.

"అమ్మా, స్వామీజీ పోయారంట" అన్నాడు. పక్కన కూర్చుని, "నాన్న" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట విని పదిహేడేళ్ళయింది.

సీతారావమ్మ చేట పక్కన పెట్టింది. "ఉప్పు మనల్నే పంపమన్నారా?"

"అవునమ్మా."

"అయితే నేనూ వస్తా."

సీతారావమ్మది చందర్లపాడు. పద్దెనిమిదో ఏట భవానీప్రసాద్‌ను పెళ్ళాడి ఈ కొట్టు వెనకింట్లో కాపురానికొచ్చింది. వచ్చిన వారానికే అత్తగారు ఒక్క మాట గట్టిగా చెప్పింది. ఏదైనా చేతికివ్వు గానీ ఉప్పు మాత్రం ఇవ్వొద్దు, ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ గొడవలొస్తాయి. బస్తాలకు బస్తాలు ఉప్పమ్మే ఇల్లది. అయినా బల్ల మీద పెట్టేవాళ్ళే గానీ ఒకరి చేతికిచ్చిన పాపాన పోలేదు. మొగుడు అన్నం తింటూ ఉప్పడిగితే సీతారావమ్మ గిన్నె తెచ్చి కంచం పక్కన పెట్టేది. ఇరవై మూడేళ్ళలో ఇద్దరూ ఒక్కసారి కూడా మాటా మాటా అనుకోలేదు. బజారంతా ఆ జంటను చూసి ముచ్చటపడేది. పడరూ మరి. ఇంట్లో గొడవ లేకపోతే చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది. గొడవపడి తీరాల్సిన రోజొకటి వస్తుందని, ఆ రోజుకు కాస్త అలవాటుండాలని ఏ అత్తగారూ చెప్పదు.

ఆ రోజొచ్చింది. భవానీప్రసాద్‌కు అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. ఏడాదిగా సాయంత్రాలు కొట్టు కొడుక్కి వదిలేసి ఆశ్రమానికి వెళ్ళొస్తున్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేస్తూ తలెత్తకుండా అడిగాడు.

"సన్యాసం తీసుకుందామనుకుంటున్నా. భార్య ఒప్పుకుంటే గానీ ఇవ్వనన్నారు గురువుగారు. నీకు సమ్మతమేనా?"

సీతారావమ్మ మజ్జిగ పోస్తోంది. చెయ్యి ఆగలేదు. "మీ ఇష్టం" అంది.

మన ఇళ్ళలో ఆడమనిషి "మీ ఇష్టం" అందంటే దానర్థమేమిటో పెళ్ళయిన ప్రతి మగాడికీ తెలుసు. మా అక్కావాళ్ళను నెల్రోజులు ఉండమననా అని అడిగి, "మీ ఇష్టం" అనిపించుకుని, నిజంగా ఉండమన్నవాడు ఉన్నాడా? వద్దు అనే మాటకు అది మర్యాద తొడుగు. భవానీప్రసాద్ మాత్రం మజ్జిగన్నం చివరి మెతుకుదాకా తిని, చెయ్యి కడుక్కుని, మా ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుందని గురువుగారితో చెప్పేశాడు.

అర్థం కాలేదా, అర్థమయ్యీ కానట్టు ఊరుకున్నాడా? ఆవిడ ఆ తర్వాతి బతుకంతా ఆ ఒక్క ప్రశ్నే తినేసింది.

సన్యాసం పుచ్చుకునేవాడు తన పిండం తనే పెట్టుకుంటాడు. ఆ పూటతో భవానీప్రసాద్ లేడు. నిత్యబోధానంద స్వామి ఉన్నారు. మంచి స్వామి, ఆ మాట ఒప్పుకోవాలి. ఎవరి దగ్గరా ఏమీ ఆశించలేదు. వేదాంతం కూడా కొట్టు భాషలోనే చెప్పేవారు, తక్కెడనీ తూకపురాళ్ళనీ ఎదురుగా పెట్టినట్టు. పత్తిచేలలో పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు కూడా కునికిపాట్లు పడకుండా వినేవాళ్ళు.

జగ్గయ్యపేటలో ప్రవచనానికి వచ్చినప్పుడు సీతారావమ్మ ఆడవాళ్ళ వరసలో నిలబడింది. అడగాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. దణ్ణం పెట్టింది. ఆయన అందరితో అన్నట్టే "నారాయణ" అన్నారు. వరస కదిలింది. అలా నాలుగుసార్లు వెళ్ళింది, నాలుగుసార్లూ "నారాయణ"తోనే తిరిగొచ్చింది. నారాయణ అనే మనిషితో ఎవరు మాత్రం ఎలా పోట్లాడతారు? అయినా ఆయన ఉన్నారు కదా, ఎప్పటికైనా అడక్కపోతానా అనుకునేది. ఆ ఆశతోనే యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి.

ఆ పొద్దున సీతారావమ్మ ఉప్పు బస్తాలేసిన ట్రాలీ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళింది. అవినాష్ బండి మీద వెనకొచ్చాడు. ఆశ్రమం నిండా జనం. తిరుపతిరావు ఎదురొచ్చి ఆవిణ్ణి పక్కకు తీసుకెళ్ళాడు.

"తెల్లారుజామున గుండెనొప్పన్నారండి. ఆస్పత్రికి రానన్నారు. అమ్మా, ఏమనుకోకండి, మీరు ఏడవకూడదండి. పూర్వాశ్రమం వాళ్ళ కన్నీళ్ళు పడితే ఆయనకు మంచిది కాదంటారు. మీకు మైల కూడా ఉండదు. ఇంటికెళ్ళి స్నానం చేస్తే చాలండి."

"మరి బొట్టు సంగతేంటండి?"

తిరుపతిరావు తడబడ్డాడు. "అది... పంతులుగారినడిగి చెప్తానండి" అని వెళ్ళాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆవిడా అడగలేదు.

గోతిలో స్వామిని పద్మాసనంలో కూర్చోబెట్టారు. ఒళ్ళంతా విభూతి, మెడలో తులసిమాల. ఎడమ చెయ్యి వెల్లకిలా ఒళ్ళో ఉంది. ఒక్కొక్కరే వచ్చి, పళ్ళెంలోంచి గుప్పెడు ఉప్పు తీసుకుని, గట్టు మీంచే లోపల వేసి, "నారాయణ" అని పక్కకు తప్పుకుంటున్నారు. సీతారావమ్మ వంతొచ్చింది. గుప్పిట నిండా తీసుకుంది. వెయ్యలేదు. స్వామిని దింపడానికి తవ్విన మెట్ల మీంచి కిందికి దిగింది.

"అమ్మా, అటు దిగకూడదు" అంటూ తిరుపతిరావు ముందుకొచ్చాడు. అవినాష్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వెళ్ళనివ్వండి" అన్నాడు.

పోసిన ఉప్పు మీదే ఆవిడ ఆయనకెదురుగా కూర్చుంది. పదిహేడేళ్ళ తర్వాత అంత దగ్గరగా చూస్తోంది. గడ్డం తెల్లబడింది గానీ చెవి కింద పుట్టుమచ్చ అలాగే ఉంది. గుప్పిట తెరిచి, ఆ ఉప్పు ఆయన అరచేతిలో పోసింది. చేతికి చెయ్యి తగిలింది, చల్లగా.

"ఇదిగోండి, చేతికే ఇచ్చా" అంది మెల్లగా. "ఇప్పుడైనా నాతో ఓ మాటనండి. మీ ఇష్టం అన్నానంటే వద్దన్నట్టే. మీకు తెలీదూ?"

నిజంగానే జవాబుకోసం చూసింది. ఉప్పు ఆయన వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెంగా జారి ఒళ్ళో పడుతోంది. పైనున్నవాళ్ళెవరో "నారాయణ" అన్నారు, జనమంతా అందుకున్నారు. ఏడవకూడదన్న సంగతి సీతారావమ్మకు గుర్తుంది. కానీ అప్పటికే ఏడుస్తోంది.