ప్యూర్ పెట్రోల్ కోసం హైదరాబాద్ దాకా

మొన్న ఆదివారం ఒక్కపూటలో రెండు కార్ల జబ్బు నయం చేశా. మెచ్చుకోవడానికి తొందరపడకండి. రెండింటికీ ఆ జబ్బు తెప్పించింది కూడా నేనే.

ముందు నా కారు సంగతి చెప్పాలి. సెకండ్ హ్యాండ్‌ది, పద్నాలుగేళ్ల పాతది. అయితేనేం, నా జీతంతో నా పేరు మీద కొన్న మొట్టమొదటి వస్తువు. అంతకుముందు జహీరాబాద్ నుంచి మొగుడంపల్లి స్కూల్‌కి షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. డ్రైవర్ పక్కన సీటు అంచు మీద సగం కూర్చుని, సగం గాల్లో ఉండి, పైగా ఒళ్లో జవాబు పత్రాల కట్ట. నలభై రెండేళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకుని ఆ ఆటో నుంచి బయటపడ్డా. అందుకే ఆ కారంటే నాకు ప్రాణం.

ఈసారి వానలు మొదలవగానే మొగుడంపల్లి రోడ్డు ఎర్ర బురదయింది. కారులోకి మట్టి రాకూడదని బజార్లో దళసరి కొబ్బరిపీచు మ్యాట్ తీసుకున్నా. జత కొంటే తగ్గిస్తానన్నాడు కొట్టువాడు. సరేనని రెండు తెచ్చా. ఒకటి కత్తెరతో కొలతకు కత్తిరించి, డ్రైవర్ సీటు ముందున్న పాత మ్యాట్ మీద పరిచా. రెండోది మా లెక్కల టీచర్ సుజాతకు ఇచ్చా. ఆమె కూడా పాత కారులోనే వస్తుంది. మురిసిపోయింది పాపం.

సరిగ్గా అదే వారం బంకులో ఇరవై శాతం ఇథనాల్ అన్న స్టిక్కర్ నా కళ్లబడింది. అదే వారం నా కారు నీరసపడింది. హైవే ఎక్కితే వేగం అందుకోదు. ఎంత తొక్కినా మూడో గేరు దాటనివ్వదు. ఎరువు లోడు ట్రాక్టర్ హారన్ కొట్టి మరీ నన్ను దాటిపోయింది. సైన్స్ టీచర్ని, నాకు ఇంకెవరైనా చెప్పాలా? పెట్రోలే కారణమని తేల్చేశా.

అనుకుంటే ఇక నేను ఒకచోట కూర్చోను. స్కూల్ ల్యాబ్ నుంచి కొలజాడీ తీసుకొచ్చి, వంటింటి గట్టు మీదే పరీక్ష పెట్టా. పెట్రోల్‌లో నీళ్లు పోసి ఊపితే ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది, కింది నీళ్ల మట్టం పెరుగుతుంది. పెరిగింది! ఇల్లంతా వాసన. ఆ పూట పాలు ఎవరూ తాగలేదు. ఇదిగో రుజువు అని మా ఆయనకు చూపిస్తే, ఆయన ముందు స్టవ్ ఆపి, తర్వాత కిటికీలు తెరిచాడు. మా మామ మాత్రం కొలజాడీ వంక చాలాసేపు చూశాడు. ఆయనకు మూడెకరాల చెరుకుంది.

"మా చెరుకుతోని చేసిందే కదా బిడ్డా, నీ బండికెందుకు పడ్తలేదు?" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడనుకుంటా. నేనప్పుడు ఆయన బాధ పట్టించుకునే స్థితిలో లేను.

కారును మెకానిక్ ఖాజాభాయ్ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన బానెట్ ఎత్తి, అక్కడి నుంచే తీగ గుంజి రేస్ ఇచ్చి విన్నాడు. ఇంజన్ గర్జించింది. ప్లగ్గులు చూశాడు, ఫిల్టర్ చూశాడు. "గీ పెట్రోల్‌తోని మైలేజ్ జర తగ్గుతది మేడమ్. పాత బండి గదా, రబ్బర్ పైపులు చూస్కుంటుండాలె. గని గిట్ల మొత్తానికే కాళ్లు పడిపోవు," అన్నాడు. ఆయన చెప్పిన దాంట్లో మొదటి సగమే నాకు వినిపించింది.

స్కూల్లో సుజాత నా పక్కన చేరి, మేడమ్, నా బండి కూడా వారం నుంచి గుంజుతలేదు అంది. అప్పుడు నా సంతోషం చూడాలి. ఒక కారైతే అనుమానం, రెండు కార్లయితే సాక్ష్యం! ఇంటర్వెల్‌లో అన్ని బంకులకూ ఫోన్లు చేశా. ఇథనాల్ లేని పెట్రోల్ ఉందా అని అడిగితే ఒకాయన డీజిల్ పోస్కోండి మేడమ్ అన్నాడు. బీదర్‌లో ఉందేమోనని సరిహద్దు దాటి వెళ్లా. అక్కడా అదే స్టిక్కర్, కాకపోతే కన్నడంలో. చివరికి ఎవరో చెప్పారు, హైదరాబాద్‌లో ఒక బంకులో వంద ఆక్టేన్ పెట్రోల్ దొరుకుతుంది, దాంట్లో ఇథనాల్ కలపరట.

ఈలోగా మా ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఆయనకు కారు నడపడం రాదు, నిర్ణయాలు మాత్రం బాగా వచ్చు. కోహీర్‌లో అల్లం పండించే యూసుఫ్‌భాయ్ ఆయన దోస్తు. పాత కారు కోసం చూస్తున్నాడట, ఆదివారం వస్తాడట. అంటే నా కారు అమ్మేస్తాడన్నమాట. మళ్లీ ఆ ఆటో, ఆ అంచు సీటు. బతిమాలితే ఆయన ఒక్క మాట ఇచ్చాడు. ఆదివారం కారు చిరాగ్‌పల్లి వైపు హైవే మీది ఎత్తు మామూలుగా ఎక్కితే అమ్మడు. ఎక్కకపోతే యూసుఫ్‌భాయ్‌కి తాళాలు.

శనివారం పొద్దుగాలే హైదరాబాద్ బయల్దేరా. పాత పెట్రోల్ కలవకూడదని, అక్కడికి చేరేసరికి ట్యాంకు దాదాపు ఎండిపోయేలా చూసుకున్నా. ఎక్కడ ఆగిపోతుందోనని దారంతా సీటు ముందుకు జరిగి కూర్చున్నా, అదేదో కారుకు సాయం చేస్తున్నట్టు. ధర చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశా. అదే ధర. ఫుల్ చేయించా. తిరిగొచ్చేటప్పుడు కారు ఏమాత్రం మారలేదు. నేను ఒప్పుకుంటానా? ట్యాంకు అడుగున పాతదింకా ఉంది, రేపటికి అందుకుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నా. సుజాతకు ఫోన్ చేసి అదే చెప్పా. వెంటనే తేడా తెలియదు, కంగారుపడకు, నువ్వు కూడా రేపే వెళ్లి పోయించుకో అని.

ఆదివారం యూసుఫ్‌భాయ్ పొలం నుంచి నేరుగా వచ్చాడు. పెద్దమనిషి. డ్రైవర్ డోరు తీసి, ఒక కాలు లోపల పెట్టబోయి ఆగాడు.

"మ్యాట్ గింత సాఫ్ ఉన్నది మేడమ్. నా చెప్పులకేమో బురద. ఖరాబైతది," అని ఆ కొబ్బరిపీచు మ్యాట్‌ను రెండు చేతులా తీసి, మడిచి, వెనక కూర్చున్న మా మామకిచ్చాడు. ఎంత మర్యాద అనుకున్నా. మా ఆయన యూసుఫ్‌భాయ్ పక్కన కూర్చున్నాడు, నేను మా మామ పక్కన.

కారు ఎగిరింది. నిజం చెప్తున్నా, ఎగిరింది. ఎత్తు వచ్చింది, అయిపోయింది, ఎప్పుడు ఎక్కామో తెలియలేదు. ట్రాక్టర్‌ను దాటాం, లారీని దాటాం. నేను వెనక సీట్లో నుంచే పాఠం మొదలుపెట్టా. ఇథనాల్ అంటే ఏంటి, దానిలో శక్తి ఎంత తక్కువ, స్వచ్ఛమైన పెట్రోల్ అంటే ఎలా ఉంటుంది అని. యూసుఫ్‌భాయ్ అద్దంలో చూస్తూ తలూపాడు. దిగాక, బండి మస్తుంది, నేను తీస్కుంట అన్నాడు. నేనే పొగిడి పొగిడి నా కారుకు గిరాకీ తెచ్చుకున్నా.

కానీ మాట మాటే. ఎత్తు ఎక్కింది, అమ్మేది లేదు అన్నా. మా ఆయన నసిగాడు. నడిపింది యూసుఫ్ గదా, నువ్వు నడిపి ఎక్కియ్యి, అప్పుడు ఒప్పుకుంటా అన్నాడు. ఓహ్, అదెంత పని? స్టీరింగ్ ముందు కూర్చున్నా. మా మామ మ్యాట్ అందించాడు. శుభ్రంగా దులిపి, అంచులు సర్ది, ఎప్పటిలాగే పరిచి బయల్దేరా.

ఎత్తు మధ్యలో కారు మూలిగింది. రెండో గేరు. వెనక నుంచి ఆటో హారన్. ఒక్క రౌండుకే మంచి పెట్రోలంతా యూసుఫ్‌భాయ్ తాగించేశాడా? ఆ మాట పైకే అనేశా కూడా. మా ఆయన కిటికీలో నుంచి బయటికి చూశాడు. ఆయన గెలిచినప్పుడు అలాగే చూస్తాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మా మామ వెనక నుంచి నెమ్మదిగా అన్నాడు.

"బిడ్డా, ఆయన నడిపినప్పుడు ఆ మ్యాట్ నా ఒళ్లె ఉన్నది."

కారు పక్కకు ఆపి కిందికి వంగి చూశా. పాత మ్యాట్ మీద కొబ్బరిపీచు మ్యాట్, దాని దళసరి అంచు మీద యాక్సిలరేటర్. చేత్తో నొక్కితే సగం దిగి అక్కడే ఆగిపోతోంది. ఇన్ని రోజులుగా నేను తొక్కింది పెట్రోల్‌ను కాదు, కొబ్బరిపీచును. మ్యాట్ లాగి పడేసి మళ్లీ తొక్కా. ఎత్తు ఎక్కేసింది. మా ఆయన తాళాల మాట మళ్లీ ఎత్తలేదు. మా మామ మాత్రం మా చెరుకుకు క్షమాపణ చెప్పు బిడ్డా అన్నాడు, నవ్వకుండా. చెప్పా.

ఒక ప్రయోగంలో ఒకసారి ఒక్కటే మార్చాలని తొమ్మిదో తరగతికి పదిహేడేళ్లుగా చెప్తున్నా. ఆ మాట అనుకుంటుండగానే రెండో మ్యాట్ గుర్తొచ్చింది. వెంటనే సుజాతకు ఫోన్ చేశా. ఎక్కడున్నావంటే, హైదరాబాద్ నుంచి తిరిగొస్తూ సదాశివపేట దగ్గర టీ కోసం ఆగిందట.

"ట్యాంక్ ఫుల్ చేయించిన మేడమ్. గని బండి ఇంకా గుంజుతలేదు. మీరు చెప్పినట్టు అడుగున పాతదే ఉన్నదంటరా?"

"ఉన్నది సుజాతా," అన్నా. "గని ట్యాంకుల గాదు. నీ కాలి కింద చూడు, నేనిచ్చిన గిఫ్ట్ ఉంటది."