బావ చేసిన నీలం కవరు

వీధిలోకి ట్యాంకరు వచ్చింది, బిందె తీసుకుని గడప దాటుతున్నాను, ఫోను మోగింది. అక్క. ట్యాంకరు చప్పుడు ఆమెకూ వినపడినట్టుంది.

"మీ బావ పోయినాడు. నీళ్లు పట్టుకోనే రా. ఇంక తొందరేముండాది," అంది.

నీళ్లు పట్టుకునే బయల్దేరాను. ఉగాది నుంచి ఆస్పత్రుల చుట్టూ తిరిగి ఇంటిల్లిపాదీ అలసిపోయి ఉన్నాం. ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది. అనంతపురంలో బస్సెక్కి కల్యాణదుర్గం దాకా కిటికీకి తల ఆనించి పడుకున్నాను. బావ కండక్టరుగా ఉన్న బస్సయితే, "ఏమ్మే మరదలా, నిద్రపోయినోళ్లకి రెండు టికెట్లు" అని లేపేవాడు.

బావ చాలా ఏళ్లు కంబదూరు రూట్లో పనిచేశాడు. చిన్న వయసులో బస్సు టాపు మీద శెనక్కాయ మూటలు సర్దుతూ కిందపడి మెడ కింది ఎముక విరిగిందట. కట్టు సరిగ్గా కుదరక అది వంకరగానే అతుక్కుంది. చొక్కా మీంచి కూడా ఆ బొడిపె తెలిసేది. టికెట్ల సంచీ పట్టీ ఆ భుజాన నిలవదని అక్క గుడ్డ మడిచి కుట్టి ఇచ్చేది. నేను కాలేజీకి పోయే రోజుల్లో, దూరంగా పరుగెత్తుకొస్తున్న నన్ను చూసి, చిల్లర లేదని ఎవరితోనో ఉత్తుత్తి జగడం పెట్టుకుని బస్సు ఆపేవాడు. ఆ జగడాలే లేకపోతే నా చదువు సాగేది కాదు.

అప్పట్లో చూయింగ్ గమ్ పొట్లాల్లో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు వచ్చేవి. బడిపిల్లలు బస్సులోనే వాటిని మార్చుకునేవాళ్లు, పారేసుకునేవాళ్లు. చివరి ట్రిప్పు అయ్యాక శెనక్కాయ పొట్టులోంచి బావ వాటిని ఏరి, మర్నాడు పైకెత్తి, "ఎవురిదప్పా ఇది?" అని అడిగేవాడు. పోగొట్టుకున్నవాడికి అప్పటికే ఇంకొకటి దొరికి ఉండేది. అలా కార్డులన్నీ ఆయన దగ్గరే మిగిలిపోయాయి, తల నెరుస్తున్న మనిషికి అదొక పిచ్చి అయింది. నేను వెళ్తే ముందు మంచినీళ్లు కాదు, కార్డు చేతికిచ్చేవాడు. "మొగం చూడొద్దు. మూలలు చూడు. మొగం ఎవురికైనా బాగుంటాది."

ఆ పిచ్చికి ఆజ్యం పోసింది బెంగళూరు బస్సు డ్రైవరు. అక్కడొక దుకాణాయన ఇలాంటి కార్డులను పై దేశాలకు పంపిస్తాడట. అక్కడి కంపెనీవాళ్లు అంచులూ మూలలూ చూసి మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసి తిరిగి పంపుతారట. పంపే కార్డు వంగకుండా, అలాగని బిగుసుకుపోకుండా, లాగితే జారి వచ్చే కవరులో ఉండాలట.

"పదో తరగతిలో నాకు రాని మార్కులు నా కార్డుకన్నా రానీ," అన్నాడు బావ. నవ్వుతూ అన్నాడు గానీ, ఆ కోరిక నిజం.

అలాంటి కవర్లు మా వైపు ఎవరు అమ్ముతారు? ఆస్పత్రి కాంపౌండరు బావకు స్నేహితుడు. ఎవరూ తీసుకుపోని పాత ఎక్స్‌రే ఫిల్ములు ఆయన ఇచ్చాడు. వాటిని బ్లీచింగ్ పౌడరు నీళ్లలో నానబెట్టి రుద్దితే ఎముకలన్నీ కరిగిపోయి లేత నీలం రేకు మిగిలేది. కార్డు కొలతకు రెండు ముక్కలు కత్తిరించి, అంచుల్ని హాక్సా బ్లేడు కింద బిగపట్టి, బయటికి మిగిలిన వెంట్రుకవాసి రేకును కొవ్వొత్తి మంటకు చూపించి అతికించేవాడు. మూడు వైపులా అతుకు, పైన నోరు. "పట్టుకోవల్ల, పట్టినట్లు తెలీకూడదు," అనేవాడు. బస్సు దిగే ముసలమ్మల మోచేయి కూడా ఆయన అలాగే పట్టుకునేవాడు.

అక్కకు మండేది. వానల్లేని ఏడాది, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలీదు. "తాగేకి నీళ్లు ల్యాకుంటే, బొమ్మలకు నీళ్లు పోస్తాండావా?" అని ఒక్క చెంబు కొలిచి ఇచ్చేది. ఆ చెంబుతోనే ఎన్ని ఫిల్ములైనా కడుక్కోవాలి.

అంతకుముందు ఒకసారి బావకు దగ్గు వస్తే ఛాతీ ఎక్స్‌రే తీశారు. రోడ్ల దుమ్మేనన్నారు. దగ్గు తగ్గింది. ఫిల్ము బీరువా మీదకు చేరింది. పోయిన ఉగాదికి దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి ఫిల్ములో కింద కుడిపక్క ఒక మచ్చ.

"పాత ఎక్స్‌రే ఉందా?" అన్నాడు డాక్టరు. "ఈ మచ్చ అప్పుడూ ఉంటే భయం లేదు. కొత్తదైతే ఆగకూడదు."

అక్క బావ వంక చూసింది. బావ ఫ్యాను వంక చూశాడు.

"కడిగేసినా సార్."

"ఏం కడిగేశావు?"

"ఎక్స్‌రే. పెద్ద సైజు, ఒక్క గీత ల్యాదు. కార్డుకు కవరు చేసినా."

డాక్టరుకు అర్థం కాలేదు, నేను చెప్పాను. ఆయన తిట్టలేదు. చీటీ మీద పరీక్షలు రాస్తూ పోయాడు. అప్పటి నుంచి అనంతపురం, బెంగళూరు, మళ్లీ అనంతపురం. మచ్చ కొత్తదేనని చివరికి తేలింది. పాత ఫిల్ము ఉండి ఉంటే కాస్త ముందు తెలిసేది, అంతకుమించి ఒరిగేదేమీ లేదని డాక్టరు చెప్పాడు. నేను నమ్మాను. అక్క నమ్మలేదు. "బొమ్మ కోసరం బతుకు కడుక్కొంటివి కదయ్యా," అని ఆస్పత్రి వరండాలో ఒక్కసారే అంది. లోపలికి నడిచేటప్పుడు బావ ఆమె మోచేయి పట్టుకున్నాడు, పట్టినట్లు తెలియకుండా.

కర్మ అయిపోయాక బెంగళూరు బస్సు డ్రైవరు వచ్చి, నీలం కవరులో ఉన్న కార్డొకటి నా చేతిలో పెట్టాడు. ఒంట్లో బాగున్నప్పుడు బావ పంపిన కార్డు అది, ఒకే ఒక్కటి. చూయింగ్ గమ్ కార్డులకు పై దేశాలవాళ్లు మార్కులు వేయరట, దుకాణాయన తిప్పి పంపాడు. "కవరు మాత్రం శానా బాగుందని చెప్పమన్నాడు. ఎవురికి చెప్పేది ఇప్పుడు," అని డ్రైవరు గడపలోనే నిలబడి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నేను కార్డును పైకి లాగాను. తేలిగ్గా జారి వచ్చింది. మూలలు నాలుగూ అలాగే ఉన్నాయి. ఖాళీ కవరును కిటికీ వైపు పట్టుకున్నాను. ముందు రేకు శుభ్రంగా ఉంది. కార్డు చాటున ఉన్న వెనక రేకు మీద బూడిదరంగు చార ఒకటి కనిపించింది. ఆ చెంబెడు నీళ్లకు వదలనిది. అడ్డంగా ఒక ఎముక. దాని నడుమ బొడిపె.

అక్క వచ్చి నా పక్కన నిలబడింది. చాలాసేపు చూసింది. టికెట్ల సంచీ పట్టీకి గుడ్డ కుట్టిన మనిషికి అదెవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఆ బొమ్మ నువ్వు పెట్టుకో," అంది. "కవరు నాకియ్యి."

కొంగుతో ఒకసారి తుడిచింది, గట్టిగా కాదు. వెలుతురు పడేలా కిటికీ ఊచల మధ్య నిలబెట్టింది. ఇప్పుడు కూడా అక్కడే ఉంది. పొద్దున ఎండ ఎక్కేటప్పుడు వంటింటి గోడ మీద ఒక లేత నీలం చదరం పడుతుంది, అందులో బావ భుజం.