సిద్ధయ్య మోటారు మూడోసారి

ఉదయగిరిలో ఆత్మకూరు రోడ్డు పక్కన వసంతకుమారి మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లలోంచి మాడిన రాగి తీగను పీకేసి కొత్తది చుట్టడం ఆమె పని. వాళ్ళ నాయన దగ్గర నేర్చుకుంది. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పలకరించినా పలకదు. ఆమె చేతిలో బాగుపడిన మోటారు ఏళ్ళ తరబడి మళ్ళీ షాపు గడప తొక్కదు. దుత్తలూరు వైపు రైతు సిద్ధయ్యది మాత్రం ఒక్క ఎండాకాలంలోనే మూడోసారి వచ్చింది.

కొత్త తీగ చుట్టడం పూర్తయిన రోజు సిద్ధయ్య నసుగుతూ అన్నాడు. "ఏమీ అనుకోబాక అక్కా. చుట్టడంలోనే తేడా ఉండాదని ఊళ్ళో అంటా ఉండారు. నిమ్మచెట్లు ఆకు ముడిచేసినాయి. రేపన్నా నీళ్ళు పారకుంటే పిందె నిలవదు."

"ఊరోళ్ళంటే అన్నారు, నువ్వు కూడానా అబ్బయా? రా, నీ కంటితోనే చూడు."

ఆమె బల్ల మీద చిన్న దిక్సూచి పెట్టి, దాని పైన ఒక తీగ పట్టుకుని, తీగ కొసల్ని ఒక్క క్షణం బ్యాటరీకి తాకించింది. దిక్సూచి ముల్లు పక్కకి తిరిగింది. కొసలు అటూ ఇటూ మార్చి తాకిస్తే ముల్లు రెండో వైపుకి తిరిగింది.

"తీగ ముల్లుని ముట్టుకోలేదు గదా, ఎట్టా తిరిగింది?" అన్నాడు సిద్ధయ్య.

"కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత బలం పుడతాది. కరెంటు ఆగితే అదీ పోతాది. ఒక్క తీగది కొంచెమే. చుట్టలు చుట్టలుగా చుడితే బలమంతా ఒకచోట కూడతాది. ఒక్క చుట్ట తిరగేసి చుట్టినా దాని బలం మిగతావాటికి ఎదురు తిరుగుతాది."

మోటారులోని ఒక్కో చుట్టకూ బ్యాటరీ తగిలించి, లోపలి అంచు వెంట దిక్సూచిని తిప్పి చూపించింది. ఒక వైపున ముల్లు ఎటు తిరిగిందో, ఎదుటి వైపున సరిగ్గా దానికి వ్యతిరేకంగా తిరిగింది. చుట్టు సరిగ్గా ఉంటే అట్లాగే తిరగాలి; ముల్లు ఎక్కడా తడబడలేదు.

"చుట్టు బాగానే ఉండాది. మరెందుకు కాలతా ఉండాది?" అన్నాడు సిద్ధయ్య.

"రేపు నేనే వస్తా."

మరునాడు పొద్దున సిద్ధయ్య తోటలో బోరులోకి మోటారు దించారు. తొమ్మిదింటికి త్రీఫేజు కరెంటు వచ్చింది. ఆ క్షణంలోనే చుట్టుపక్కల పొలాల్లో పదకొండు మోటార్లు ఒక్కసారి మూలిగాయి. కరెంటు రాగానే మోటారు తనంతట తాను ఆన్ అయ్యేలా అందరూ స్టార్టర్‌కి ఆటో బిగించుకున్నారు. ఉన్నది ఒక్క ట్రాన్స్‌ఫార్మరు, అదీ ఆరు మోటార్లకు సరిపోయేది. నాలుగు వందలు చూపాల్సిన వోల్టు మీటరు రెండు వందల ఎనభైకి పడిపోయింది.

వసంతకుమారి గబుక్కున సిద్ధయ్య మోటారు ఆపింది. "వోల్టేజీ తగ్గితే అయస్కాంత బలం చాలదు, మోటారు తిరగదు. తిరగకుండా ఇరుక్కున్న మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాది. ఆ వేడికే మాడిపోతా ఉండాది. నీదీ ఆటోలోనే ఉండాదే!"

"అందరిదీ ఉండాది గదక్కా. నేనొక్కడే తీసేస్తే నీళ్ళన్నీ వాళ్ళకే."

ఆమె గట్టు దాటి పక్క తోట ప్రశాంత్ దగ్గరికి నడిచింది. "ఆటోలు తీసేసి అందరూ వంతులేసుకోండి నాయనా. అయిదు పొద్దున, ఆరు మధ్యాహ్నం. అందరికీ పారతాయి."

"సిద్ధయ్య చెట్లేనా నీకు చుట్టాలు, నావి కావా అత్తా?" నవ్వాడు ప్రశాంత్. "తీస్తాలే. ముందు వాళ్ళని తీయమను."

ఆ వాళ్ళు ప్రశాంత్‌ని తీయమన్నారు. నాలుగు తోటలు తిరిగినా అదే మాట. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కోసం అర్జీ పెట్టి ఏడాదైందని ఒకాయన కాగితం కూడా చూపించాడు.

తిరిగొచ్చేసరికి వోల్టు మీటరు ఇంకా రెండు వందల ఎనభై దగ్గరే ఉంది. సిద్ధయ్య వేలు స్టార్టర్ పచ్చ బటన్ మీద ఉంది.

"వెయ్యబాక, సిద్ధయ్యా."

"చెట్లు ఎండతా ఉంటే చూస్తా కూర్చోమంటావా అక్కా?"

అతను నొక్కాడు. బోరు లోపల మోటారు గట్టిగా మూలిగింది. కరెంటు మీటరు ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది. కాసేపటికి సున్నాకి పడి మళ్ళీ లేవలేదు; మోటారు మళ్ళీ మాడింది. పైపు మూతి పొడిగానే ఉంది.

పక్క తోటలో ప్రశాంత్ మోటారు ఇంకా మూలుగుతూనే ఉంది. ఆపమని కేకెయ్యబోయిన ఆమె, అతనూ ముందు వాళ్ళనే ఆపమంటాడని తెలిసి, మాడిన మోటారు పైకి తీయడానికి తాడు అందుకుంది.