తోడెవరొచ్చినారు

అమ్మ పోయిన ఏడాదికి నాకు ఏదో అయిందని మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. ఏమయిందో కూడా అందరూ చెప్పేవాళ్లు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

ఎనభైల మొదట్లో మాట ఇది. నేను చిత్తూరు కోర్టులో టైపిస్టుని. ముప్పై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు, దాని గురించి అడిగేవాళ్లు కూడా అప్పటికి విసుగొచ్చి మానుకున్నారు. అన్న, వదిన, నేను ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అన్న మామిడికాయల మండీలో గుమాస్తా. పక్షవాతం వచ్చి మంచాన పడిన అమ్మను నాలుగేళ్లు నేనే చూసుకున్నాను. వదిన వంట చేసేది, అమ్మ పనులు నావి. పొద్దున్నే ఒళ్లు తుడిచి, గుడ్డలు మార్చి, గంజి తాగించి, కోర్టుకి పరిగెత్తి, సాయంత్రం వచ్చి మళ్లీ అదే మొదలుపెట్టాలి. అమ్మకు మాట పడిపోయింది. చేతిలో స్టీలు గ్లాసు ఒకటి పెట్టుకుని, మంచం పట్టెకు కొట్టి పిలిచేది. రాత్రిళ్లు కూడా.

ఆమె పోయిన రోజు అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కర్మాంతరాలు అయిపోయి చుట్టాలు వెళ్లాక, మధ్యాహ్నం చాప మీద ఒరిగినదాన్ని మర్నాడు పొద్దున దాకా నిద్రపోయాను. కళ్లు తెరవగానే నా మనసులోకి వచ్చిన మాట "హమ్మయ్య". ఇంక ఎవరూ పిలవరు. ఒళ్లంతా హాయిగా ఉంది. ఆ హాయి ఆ ఒక్క రోజుకే. ఆ తర్వాత నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు, కోర్టులో టైపు మిషను మీద చేతులు ఉన్నట్టుండి ఆగిపోయేవి. జడ్జిగారు చెప్పిన వాక్యమే మళ్లీ చెప్పి నా వైపు చూసేవారు.

నేను ఎవరికైనా చెప్పుకోవలసింది ఒక్కటే మాట. అమ్మ పోతే నాకు సంతోషమేసింది. ఆ మాట వినడానికి ఒక మనిషి కావాలి నాకు. ఇంటి నిండా మనుషులున్నారు, అదే చిక్కు.

మా వైపు రోగి ఒంటరిగా డాక్టరు దగ్గరికి పోవడమనేది లేదు. పోతే ఇంట్లోవాళ్లకు తలవంపులు. ఎవరో ఒకరు తోడు పోవాలి, పోయినవాళ్లే రోగం చెప్పాలి. రోగి నోరు తెరిచి నాలుక చూపిస్తే చాలు, నోటితో అంతకుమించి పని లేదు.

ముందు మా వీధి చివరి డాక్టరు. అన్న కుర్చీ ముందుకు జరుపుకుని, నన్ను చూపిస్తూ మొదలుపెట్టాడు.

"మాయమ్మంటే ఈ పాపకు పానం సార్. నాలుగేండ్లు పసిబిడ్డను సాకినట్ల సాకింది. ఇప్పుడు తట్టుకోలేకుండాది."

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇట్లాంటి బిడ్డలు ఈ కాలంలో యాడుండారప్పా" అన్నాడు. ఎర్రటి టానిక్కు ఒకటి, వరసగా పది సూదులు రాశాడు. పది రోజులూ ఆయన నన్ను చూడగానే మెచ్చుకోలుగా తల ఊపేవాడు. ఆ సూది తీసుకుని ఆయనకే వెయ్యాలనిపించేది.

తర్వాత వదిన వంతు. తాయెత్తులు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన వేపమండలతో నాకు గాలి విసిరి, వదినను నాలుగు ప్రశ్నలడిగి, అమ్మ ఇంకా నన్ను వదల్లేదని తేల్చాడు. ప్రేమ కొద్దీ తిరుగుతా ఉండాదంట. నేను దయ్యాలను నమ్మేదాన్ని కాదు, అయినా ఆ మాటకు వణికిపోయాను. వస్తే ప్రేమతో వస్తుందా ఆమె నా దగ్గరికి? నేను "హమ్మయ్య" అనుకున్నది వినే ఉంటుంది కదా.

మూడోసారి అన్న నన్ను తమిళనాడు వైపు ఒక ఊరికి, పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ మనసుకు వైద్యం చేసే డాక్టరు ఉన్నాడని మండీలో ఎవరో చెప్పారట. చిన్నవాడు, శ్రద్ధగలవాడే. ఆయనకు తెలుగు రాదు. నాకు తమిళం అర్థమవుతుంది గానీ మాట్లాడ్డం అంతంతమాత్రం. నా ఇంగ్లీషు కోర్టు ఇంగ్లీషు, అందులో పొలాల హద్దులూ వాయిదాలూ తప్ప దుఃఖం చెప్పుకునే మాటలు లేవు. కాబట్టి మధ్యలో అన్న, అన్న మండీ తమిళం.

"నిద్ర పట్టడం లేదని చెప్పు అన్నా" అన్నాను.

అన్న అయిదు నిమిషాలు మాట్లాడాడు. పాసం, పాసం అని, అంటే ప్రేమ అని, మూడుసార్లు వినబడింది. డాక్టరు నన్నే చూస్తూ ఏదో అడిగాడు. అన్న దానికి కూడా తనే జవాబు చెప్పేసి, నా వైపు తిరిగి, "గుడికి, సినిమాకి పోతా ఉండమంటాడు. మనసు మళ్లించుకోవల్లంట" అన్నాడు. నిద్రమాత్రలు ఇచ్చారు. వేసుకుంటే రాయిలా పడి ఉండేదాన్ని, లేస్తే అంతా మళ్లీ అక్కడే ఉండేది.

అన్న మంచివాడు. ఇది రాయకపోతే నాకు పాపం. తిరుగు బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఇచ్చాడు. దోవలో జామకాయలు కొని, తన తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. కానీ ఆమె అన్నకూ అమ్మే. మండీ నుంచి రాగానే పది నిమిషాలు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఆ కాళ్లు ఒత్తి, కళ్లు తుడుచుకుని భోజనానికి లేచేవాడు. అన్నకు మిగిలింది ఆ పది నిమిషాల అమ్మ. ఆమె పోతే బాగుండునని పక్క గదిలోనే ఒక మనిషి దండం పెట్టుకునేదని అన్నకు ఎట్లా చెప్పను? జామకాయ తిన్నాను. బాగుందన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు కోర్టులో ఒక దావా నడిచింది. ఒక కుటుంబంలో తమ్ముడు పొలం అమ్మేశాడు. అమ్మేనాటికి వాడికి మతి లేదు కనక అమ్మకం చెల్లదని అన్నలు దావా వేశారు. సాక్ష్యానికి తిరుపతి నుంచి, ఆ తమ్ముడికి వైద్యం చేసిన మానసిక వైద్యుడు వచ్చాడు. పిచ్చి డాక్టరంట అని హాలంతా మెడలు సాచింది. యాభై దాటిన మనిషి, చొక్కా జేబు కింద ఇంకు మరక.

"మతి లేదని అన్నలు మీకు చెప్పారా లేదా?" అని లాయరు గద్దించాడు.

"చెప్పినారు."

"మరి ఎందుకు రాయలేదు?"

"వాళ్లను బయట కూర్చోమని, ఈ తమ్ముణ్ణే అడిగినాను. ఈయన చెప్పింది రాసుకున్నాను. మందు మింగాల్సింది ఈయన గదా."

హాల్లో నవ్వారు. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషు చేసి చెబుతుంటే నేను టైపు చేశాను. ఆ పూట నా చేతులు ఆగలేదు.

వారం తిరక్కుండా సెలవు పెట్టి, ఇంట్లో ఎప్పటిలా కోర్టుకని చెప్పి, తిరుపతి బస్సెక్కాను. బస్సు నిండా కొండకు పోయేవాళ్లే. పక్కన కూర్చున్నామె "కొండకేనా?" అంటే అవునన్నాను. అంత మందిలో ఎవరికీ చెప్పలేని చోటికి పోతున్నది నేనొక్కదాన్నేనేమో అనిపించి, చంద్రగిరి దాటేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన పనిచేసే ఆసుపత్రిలో గది ముందు బిళ్ల బంట్రోతు ఉన్నాడు. చీటీ చూసి, నా వెనక ఎవరున్నారా అని చూశాడు.

"తోడెవరొచ్చినారు?"

"ఎవరూ రాలేదు."

"తోడు లేకుండా ఆడోళ్లను లోపలికి పంపేదానికి లేదమ్మా. ఇంట్లోవాళ్లను పిల్సకరాపో."

ఉద్యోగం చేస్తున్నానని చెప్పాను. కోర్టులో అని కూడా చెప్పాను. అయితే ఇంకా మంచిది, రూలు తెలుసు కదా అన్నాడు. బయట బల్ల మీద కూలబడ్డాను. నాకు నేను ఒక్కదాన్నే దొరికిన ఆ ఒక్క రోజున, ఒక్కదాన్నే ఉన్నందుకు పనికిరాకుండా పోయాను. ఏడుపు కంటే ముందు ఒళ్లు మండింది.

ఆ బల్ల మీదే ఒక ముసలామె సెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. కాళాస్తి దగ్గర పల్లె. మొగుణ్ణి లోపల చేర్పించి నెలైందట. మా సంభాషణంతా విన్నట్టుంది.

"ఏం పాపా, తోడు కావల్నంటనా? నేనొస్తా పా" అని ఒళ్లో పొట్టు దులుపుకుని లేచింది.

"నువ్వెవరని అడిగితే?"

"అడగనీ. మనిషినే గదా."

బంట్రోతు వేలు ఎత్తేలోపల ఆమె నా మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించేసింది. డాక్టరు తలెత్తి, అలవాటుగా ఆమెనే అడిగాడు. "ఏమవ్వా, ఏమైంది ఈయమ్మకు?"

"నాకేం తెలుసు సామీ? ఇప్పుడే సూస్తి నేను. ఆ పాపనే అడుగు."

ఆమె అట్లా చెప్పేసి, పని అయిపోయినట్టు బయటికి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. డాక్టరు నవ్వు ఆపుకుని, కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. ఏడాదిన్నరలో మొదటిసారి ఒక డాక్టరు, నేను, మధ్యలో ఖాళీ కుర్చీ.

ఆయన తొందర పెట్టలేదు. చివరికి నేల చూస్తూ అన్నాను. "మా అమ్మ పోతే నాకు సంతోషమేసింది సార్."

ఆయన ఉలిక్కిపడలేదు. రాయనూ లేదు. "రాత్రి ఎన్నిసార్లు లేచేదానివమ్మా?" అన్నాడు.

"నాలుగైదు సార్లు."

"ఎన్నేండ్లు?"

"నాలుగు."

"నీకు మారుగా లేచేదెవరు?"

ఆ ప్రశ్న నేను ఎప్పుడూ వేసుకోలేదు. "ఎవరూ లేరు సార్."

"అలిసిపోయినావమ్మా" అన్నాడు.

ప్రేమ, త్యాగం, పుణ్యం అని ఊరంతా అన్నది. అలిసిపోయావని ఒక్కరు అనలేదు. అక్కడే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. పదిహేను రోజులకొకసారి రమ్మన్నాడు. మందు కొంచెమే ఉంటుంది, నువ్వు మాట్లాడేదే ఎక్కువ ఉంటుందన్నాడు. బయటికొచ్చి చూస్తే ముసలామె లేదు, మొగుడికి అన్నం తినిపించడానికి లోపలికి పోయిందట.

సాయంత్రం చిత్తూరు బస్టాండులో దిగేసరికి అన్న నిలబడి ఉన్నాడు. ఏదో పని మీద కోర్టుకి వస్తే నేను సెలవని చెప్పారట. ఎటు పోయానో తెలియక మూడు గంటల నుంచీ వచ్చే ప్రతి బస్సులోకీ తొంగి చూస్తున్నాడట. తిడతాడనుకున్నాను. నా చేతిలో సంచి తీసుకున్నాడు.

"యాడికి పొయినావు పాపా?"

"తిరుపతిలో డాక్టరు దగ్గరికి."

"ఒక్కదానివేనా? నేను లేనా నీకు?"

అన్న గొంతు సవరించుకున్నాడు. "అమ్మ గురించి చెప్పినావా ఆయప్పకు?"

"చెప్పినానన్నా."

"అమ్మంటే నీకెంత పానమో, ఎంత బాగా సూసుకున్నావో, అదంతా చెప్పినావా?"

నేను ఇంటి దోవ పట్టి నడిచాను. అన్న సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, కళ్లనిండా నీళ్లతో అన్నాడు. "సూడు మరి. నేనొచ్చింటే అదంతా నేను చెప్పింటాను గదా."