మా వదిన అడిగిన క్షమాపణ

మొన్న ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో, మధ్యాహ్నం చాయ్ తాగి అందరం మళ్ళీ కూర్చున్నాక, వెనక వరసలోంచి ఒక పంతులమ్మ లేచి, "అయితే మేడమ్, ఇన్నేళ్ళూ మేము పిల్లలకు చేసిందంతా తప్పేనా?" అని అడిగింది. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. నేను ప్రతిసారీ ముందు మంచినీళ్ళు తాగుతాను. తర్వాత, "తప్పని కాదమ్మా, అప్పటికి మనకు తెలిసింది అంతే" అని ఒక మెత్తని జవాబు చెబుతాను. మొన్న కూడా అదే చెప్పాను. ఆమె తృప్తిపడి కూర్చుంది. నాకు మాత్రం మా వదిన గుర్తొచ్చి, మిగతా పాఠం ఎలా నెట్టుకొచ్చానో నాకే తెలియదు.

వదిన అంటే మా ఆయనకు అక్క. బట్టలు నేసే సాంచాల మీద పనికని సూరత్ వచ్చి స్థిరపడిన మన కరీంనగర్ వైపు వాళ్ళ పిల్లలు చదివే ఒక తెలుగు బడిలో, ఏళ్ళ తరబడి చిన్న తరగతులకు పాఠాలు చెప్పింది. ఆమెతో పర్వత్ పాటియా బజారులో కూరగాయలకు వెళ్ళడమంటే ఊరేగింపుకు వెళ్ళినట్టే. నాలుగడుగులకొకరు "నమస్తే టీచర్" అనేవాళ్ళు. కొత్తిమీర అమ్మే అతను ఆమె పాత విద్యార్థి, మందుల కొట్టు అతను పాత విద్యార్థి. ఆటో ఎక్కితే ఆ నడిపేవాడు కూడా అంతే. "పదమూడో ఎక్కం జెప్పురా" అని అడిగి, అతను సగం దాకా తడుముకుంటూ చెబితే గానీ దిగేది కాదు. గట్టి టీచరని పేరు. ఆ గట్టిదనాన్ని ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు, మేమూ పట్టలేదు.

నేను పెళ్ళయి ఈ ఊరొచ్చి, టీచర్లను తయారుచేసే కాలేజీలో చేరాను. చదువులో వెనకబడిన పిల్లలను టీచర్లు ఎలా చూస్తారు, శిక్షణ ఇస్తే ఆ చూపు మారుతుందా అనేది నా పరిశోధన. శిక్షణకు రావడానికి టీచర్లు దొరకడం కష్టంగా ఉండేది. దొరికినవాళ్ళు రెండో రోజుకు జ్వరం తెచ్చుకునేవాళ్ళు. ఒక కుర్చీ ఖాళీగా ఉందని వదినను బతిమాలితే, మరదలి ముఖం చూసి వచ్చింది. వెనక వరసలో కూర్చొని, ఒళ్ళో గిన్నె పెట్టుకొని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నా ఉపన్యాసాలు విన్నది. పిల్లల మెదడు ఎదుగుదల గురించి నేను చెబుతుంటే ఆమె ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. సాయంత్రం ఇంటికెళ్ళాక మాత్రం, "బాగనే జెప్తవ్ పిల్లా. జర తొందర ఎక్కువ" అనేది.

కొందరు పిల్లలకు అక్షరాలు తారుమారుగా తోస్తాయని, అది తెలివి లేకపోవడం కాదని చెప్పడానికి ఒక రోజు నేనొక ఆట పెట్టాను. అక్షరాలన్నీ అద్దంలో కనబడినట్టు తిరగేసి అచ్చువేయించిన ఒక చిన్న పేరా ఇచ్చి, లేచి నిలబడి గబగబా చదవమనాలి. తడబడితే నేను కోపిష్టి టీచరులా గదమాయించాలి. ఇంట్లో మనిషి అయితే ఏమీ అనుకోదని వదినను లేపాను. ఆమె మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఇంత చిన్న ముక్క చదవలేవా? అందరూ నీకోసం ఆగాలా?" అన్నాను, గొంతు పెంచి. గదిలో వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. వదిన చెవుల దాకా ఎర్రబడి, నుదుటి మీద చెమటతో, కాగితం వైపే చూస్తూ నిలబడింది. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. డబ్బా మూత కూడా తీయకుండా నాతో ఒక్క మాట అన్నది: "గా పిల్లకు గిట్లనే ఉండెనేమో."

ఆ పిల్ల ఎవరో ఇంటికెళ్ళాక చెప్పింది. ఎప్పుడో మూడో తరగతిలో ఉండేదట. కథ చెప్పమంటే తరగతంతా నోరు తెరుచుకొని వినేలా చెప్పేది, పలక ఇస్తే మాత్రం ఒక్క అక్షరమూ సరిగా నిలిచేది కాదు. 'మ' రాయమంటే 'య' రాసేది. కొట్టినా, బతిమాలినా అంతే. వదిన విసిగిపోయి ఆ పిల్ల తండ్రిని పిలిపించి, "నీ బిడ్డకు దిమాక్ లేదు. చదువు రాదు. ఇంట్ల పని నేర్పియ్యి" అని చెప్పింది. అతను మారుమాటాడకుండా దండం పెట్టి పిల్లను తీసుకుపోయాడు. "నేను మంచిగ జెప్పిన అనుకున్న. గాయన పైసలు, ఆ పిల్ల ఏడుపు రెండూ మిగిల్తయనుకున్న" అంటూ వదిన గోడకేసి చూసింది.

ఆ తర్వాత ఆమెకు నిద్ర తక్కువైంది, చిరాకు ఎక్కువైంది. నేనే సలహా ఇచ్చాను: "వెతికి, వెళ్ళి, తప్పయిందని చెప్పి రండి వదినా. మనసు తేలికపడుతుంది." ఎవరి మనసు అని అప్పుడు ఆలోచించలేదు. బతుకమ్మ ఆడేచోట ఆ అమ్మాయి మేనత్త కనబడి, మేనకోడలికి పెళ్ళయి, బిడ్డ పుట్టి, నది అవతల అమ్రోలిలో ఉంటోందని చెప్పింది. ఒక ఆదివారం ఇద్దరం బయలుదేరాం. క్షమాపణకు వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలో మాకు తోచలేదు. మిఠాయి అంటే సంబరంలా ఉంటుంది, యాపిల్ పండ్లు అంటే రోగిని చూడబోయినట్టు. చివరికి వదినే తేల్చింది: "అరటిపండ్లు తీస్కో. అవి దేనికైన నడుస్తయి."

ఆ అమ్మాయి ఒక్క గది ఇంట్లో నేల మీద చీర పరుచుకొని, అంచు పొడుగునా మెరుపు రాళ్ళు అతికిస్తోంది. మమ్మల్ని చూడగానే లేచి, "అయ్యో టీచర్! మీరేంది గిట్ల? బైఠో, బైఠో" అంటూ వదిన కాళ్ళకు మొక్కింది. చాయ్ పెట్టింది. తలుపు చాటున ఏడేళ్ళ పాప నిలబడి మా వైపు చూస్తోంది. వదిన ఎండ గురించి, తాపీ నదిలో నీళ్ళ గురించి, ఆమె నాన్న దగ్గు గురించి మాట్లాడింది కానీ అసలు మాట ఎత్తలేకపోయింది. చివరికి పాప చదువు అడిగింది.

"ఏం చదువు టీచర్! రెండో తరగతి. అన్నీ ఉల్టా రాస్తది. నా లెక్కనే, దిమాక్ లేదు. గప్పుడు మీరు మా బాపుకు జెప్పలేదా, గట్లనే. దివాలీ అయినంక దీన్ని గూడ మాన్పిస్త. నా పక్కన కూసోని రాళ్ళు అతికిస్తది."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. డాక్టరు చెప్పిన జబ్బు పేరు చెప్పినట్టు చెప్పింది. వదిన కప్పు కింద పెట్టింది.

"నేను జెప్పింది తప్పు బిడ్డా. నీకు దిమాక్ లేక కాదు. అక్షరాలు నీకు వేరే తీరుగ కనబడ్డయి. గసుంటి పిల్లలకు జెప్పే పద్ధతి వేరే ఉంటదట. నాకు తెల్వకపాయె. నన్ను మాఫ్ జెయ్యి."

ఆమె చేతిలో రాళ్ళ పొట్లం అలాగే ఉండిపోయింది. వదిన ముఖంలోకి చూసి అన్నది: "దిమాక్ లేదనుకొనే పెరిగిన టీచర్. గట్లనే పెండ్లి జేసుకున్న. ఇంట్ల ఎవరేమన్న, నాకేం తెలుసు తియ్యి అని ఊకున్న. మనసు నిమ్మళం జేసుకున్న. గిప్పుడొచ్చి దిమాక్ ఉండె అంటున్నరు. ఉంటే, గిప్పుడు దాన్ని నేనేం జేసుకోవాలె?"

"చాయ్ తాగుండ్రి, సల్లారుతది" అని ఆమె మళ్ళీ చీర ముందు కూర్చుంది. ఆ తర్వాత మేమున్నంతసేపూ తల ఎత్తలేదు. తిరిగి వస్తూ వంతెన మీద ఆటోలో వదిన ఎక్కం అడగలేదు. "నా బరువు దించుకున్న పిల్లా. తీస్కపోయి దాని నెత్తిన పెట్టిన" అన్నది. ఆ సలహా ఇచ్చింది నేనే.

మరుసటి ఆదివారం వదిన ఒక్కతే తయారైంది. పాపకు చదువు చెబుతానన్నది. అక్షరాన్ని ముందు వేలితో ఇసుకలో దిద్దించాలని, ఒకేలా ఉండే రెండక్షరాలు ఒకే రోజు చెప్పకూడదని, తొందరపెట్టవద్దని నేను చెప్పాను. "ఇసుక యాడ తేవాలె? వంటింట్ల రవ్వ లేదా?" అని, పళ్ళెంలో బొంబాయి రవ్వ పోసి దిద్దించింది. ఆ రోజు నేను తనను గదమాయించినట్టు ఆ పాపను ఏనాడూ గదమాయించలేదట. తల్లి తలుపు తీసేది, చాయ్ ఇచ్చేది, వీపు తిప్పి తన పని చేసుకునేది. దివాలీ వచ్చి పోయింది, పాప మాత్రం బడి మానలేదు.

మరుసటి వానాకాలంలో ఒకరోజు వదిన తడిసిన చీరతో నేరుగా మా వంటింట్లోకి వచ్చింది. పాప ఆ రోజు మొదటిసారి ఒక కథ చదివిందట, తప్పిపోయిన మేక కోసం వెతికే ముసలమ్మ కథ. మధ్యలో ఒక మాట దగ్గర చిక్కుకొని ఆగిపోయింది. అప్పుడు అటు తిరిగి కూర్చున్న తల్లి, "ఆగినవేందే? మేక దొరికిందా లేదా?" అన్నదట. ఆ మాట చెబుతూ వదిన నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నీకూ నేర్పిస్తానని వదిన ఆ తల్లితో అంటే మాత్రం ఆమె, "వద్దు టీచర్. దానికి జెప్పుండ్రి. నా యాల్ల దాటిపోయింది" అన్నదట. మాఫ్ చేశానని ఆమె ఇప్పటిదాకా అనలేదు. వదిన మళ్ళీ అడగలేదు.

పాప ఇప్పుడు ఐదో తరగతి. వరస కింద వేలు పెట్టుకొని నెమ్మదిగా చదువుతుంది. రాతలో తప్పులున్నాయి. మోకాళ్ళ నొప్పి వల్ల వదిన నెలకొకసారి వెళ్తోంది. ఇక నా పరిశోధనలో ఆమె మార్పే అన్నిటికంటే మంచి ఫలితమై నిలిచింది. పరీక్షకులు ఆ అధ్యాయాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. రాళ్ళు అతికించే ఆ చేతుల గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు. ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు. పెద్దవాళ్ళకు తప్పు తెలుసుకోవడానికి కాలం ఎప్పుడూ కావలసినంత వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలోనే పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు.