నాలుగో సంతకం

బందరులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఎంబీఏ రెండో ఏడాది పిల్లల చేత శనివారాలు ఒక ఆట ఆడించేదాన్ని. నలుగురు కలిసి ఒక కంపెనీ. ఎనిమిది వారాలు దాన్ని కాగితాల మీద నడపాలి. బయట దొరికే ఆటల్లో కార్లూ సైకిళ్లూ ఉంటాయి. మా పిల్లలకు తెలిసిన సరుకు ఉండాలని, రొయ్యలు శుభ్రం చేసి ఎగుమతి చేసే కంపెనీగా నేనే తయారు చేశాను. యాభై మార్కుల్లో ఇరవై కంపెనీ లాభానికి. మిగతా ముప్పై పిల్లల కృషికీ, పాల్గొన్న తీరుకీ. ఆ ముప్పై నా చేతిలో ఉండేవి. హాజరు, చర్చలో మాట్లాడటం, జట్టుతో సహకారం, కాగితం వేళకు ఇవ్వటం అంటూ గళ్లు గీసి పట్టిక రాసుకున్నాను. ఎవరి కష్టం వాళ్లకు దక్కేలా చేశానని గర్వపడ్డాను కూడా.

ఆ ఏడాది నాలుగో కంపెనీలో ఒక అమ్మాయి ఉండేది. కృత్తివెన్ను దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. నాన్న చేపల వేటకు వెళ్తాడు, అమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. మొదటి వారమే నా దగ్గరకు వచ్చి ఆటలో ఐసు ఖర్చు నేను తక్కువ వేశానని చెప్పింది. కరెంటు పోయిన రోజు సగం కరిగిపోతుందట. అంకె దిద్దుకున్నాను. వాళ్ల కెప్టెన్ చల్లపల్లి వైపు ధాన్యం వ్యాపారి కొడుకు. చురుకైనవాడు, చెడ్డవాడేం కాదు. మిగతా ఇద్దరూ అతను ఎటంటే అటు. ఐదు వారాలపాటు వాళ్ల కంపెనీయే ముందుంది.

ఆరో వారం అందరికీ ఒక్కో కవరు ఇచ్చాను. విదేశాల నుంచి వచ్చిన ఆర్డరు రద్దయింది. మూడు దారులు రాశాను: ధర తగ్గించి అమ్ముకోవటం, అప్పు తేవటం, షెడ్డులో నలభై మంది ఆడకూలీలను మాన్పించటం. మూడోదాంట్లో లాభం ఎక్కువ వచ్చేలా లెక్క కట్టింది నేనే. కాగితం మీద నలుగురూ సంతకం పెట్టి గంట కొట్టేలోగా ఇవ్వాలి. మిగతా మూడు కంపెనీలూ పది నిమిషాల్లో నలభై మందినీ మాన్పించి కాగితం ఇచ్చేశాయి.

నాలుగో కంపెనీ కాగితం మీద మూడు సంతకాలే పడ్డాయి. ఆ అమ్మాయి లేచి నా బల్ల దగ్గరకు వచ్చింది.

"అందరికీ వంతులవారీగా పని ఇస్తే ఎక్కడ రాయాలండీ? వారానికి మూడు రోజులు వీళ్లు, మూడు రోజులు వాళ్లు."

"ఆ ఆప్షన్ లేదమ్మా. ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి" అన్నాను.

ఆమె వెనక్కి వెళ్లి కూర్చుంది. వాళ్లు ముగ్గురూ నచ్చజెప్పారు, తర్వాత విసుక్కున్నారు. చివరికి కెప్టెన్, "ఇది ఆటే కదా, పెట్టెయ్" అన్నాడు.

"ఆటే అయితే పెట్టకపోయినా ఏం కాదుగా" అంది ఆమె.

గంట కొట్టింది. నిబంధన ప్రకారం ఆ వారం వాళ్లకు సున్నా. ముందున్న కంపెనీ అడుక్కి పోయింది, మళ్లీ లేవలేదు.

మాది ఘంటసాల దగ్గర పల్లె. మా అమ్మ నాట్లకు వెళ్లేది. పని తక్కువగా ఉన్న రోజుల్లో మా పేటలో ఆడవాళ్లు చర్చి వరండాలో కూర్చుని వంతులు వేసుకునేవారు, ఈ రోజు నువ్వు, రేపు నేను అని. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకుండా ఉండకూడదని. ఆ వంతుల మీదే నేను ఇంతదాన్నయ్యాను. ఆ అమ్మాయి ఏం అడుగుతోందో ఆ తరగతిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కవరులోని కాగితంలో నాలుగో దారిగా ఒక్క వరస చేర్చటం నాకు రెండు నిమిషాల పని.

ఆట ముగిశాక, నేను చూసుకోవటానికి, జట్టులో ఒకరికొకరు మార్కులు వేసుకోవాలి. ముగ్గురూ సహకారం గడిలో ఆమెకు సున్నా వేశారు. ప్రిన్సిపాల్ గారి దగ్గరకు కూడా వెళ్లి, ఒక్కరి మొండితనానికి తాము ఎందుకు నష్టపోవాలని అడిగారు. ఆయన నన్ను పిలిపించి, కాఫీ తెప్పించి, మెత్తగానే మాట్లాడారు.

"మార్కులు మీ ఇష్టం మేడమ్. కాకపోతే రూల్స్ రాసింది మీరేగా."

అప్పటికే ఆమె పేరు ఎదురుగా పెన్సిల్‌తో ఇరవై ఆరు వేసి ఉంచాను. ఆ సాయంత్రం ఇంటికి గుడివాడ రైలెక్కే ముందు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని అది చెరిపి, పెన్నుతో తొమ్మిది వేశాను. మిగతా ముగ్గురికీ తలా ఇరవై నాలుగు. వాళ్లకు అన్యాయం జరిగిందని అందరూ అన్నారు కనుక.

మార్కులు గోడకు అంటించిన మర్నాడు ఆమె స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. బతిమాలటానికి కాదు, ఎక్కడ తగ్గిందో తెలుసుకోవటానికి. పట్టిక తిప్పి చూపించాను. సహకారంతో పాటు చర్చ గడిలోనూ తగ్గించి ఉంది. నెమ్మదిగా చదివింది.

"ఆ రోజు గంటసేపు మాట్లాడింది నేనేనండి" అంది.

"మాట్లాడటం వేరు, టీమ్‌తో కలిసి పని చెయ్యటం వేరు" అన్నాను. పక్క బల్లల దగ్గరవాళ్లు వింటున్నారని గొంతు కొంచెం పెంచాను.

"సరేనండి" అని వెళ్లిపోయింది.

ఆ తొమ్మిది మార్కులతో ఆమె మొత్తం శాతం, ఉద్యోగాల జాబితాకు కావలసినదానికన్నా కింద పడింది. ఆ వేసవిలో ఉద్యోగాలివ్వటానికి వచ్చిన కంపెనీలకు కాలేజీ పంపిన జాబితాలో ఆమె పేరు లేదు. కెప్టెన్‌కి రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం వచ్చింది. స్వీట్లు తెచ్చి పెట్టాడు. తిన్నాను.

మరుసటి ఏడాది ఆటలో నాలుగో దారి చేర్చాను, వంతులవారీ పని. కూలీల గురించి ఆలోచించినవాళ్లకు కృషి మార్కులు ఎక్కువని పట్టికలో రాశాను. ఆ సంగతి తరగతిలో పాకిపోయింది. ఆరో వారం అన్ని కంపెనీలూ అదే దారికి టిక్కు పెట్టి, చర్చ లేకుండా, నవ్వుకుంటూ సంతకాలు చేసి ఇచ్చాయి. నా నిబంధన ప్రకారం అందరికీ పూర్తి మార్కులు వెయ్యాల్సి వచ్చింది.

ఈ మధ్య పెడన బస్టాపులో ఆమె కనిపించింది. మొదట గుర్తుపట్టింది ఆమే. నమస్తే మేడమ్, బాగున్నారా అండీ అని పలకరించింది. ఒక బట్టల షాపులో బిల్లింగ్ చూస్తోందట. వాళ్లమ్మ షెడ్డు మానేసిందట, ఐసు నీళ్లకు వేళ్లు వంకర్లు పోయాయట. నువ్వు అడిగిన వంతుల పద్ధతి ఆటలో పెట్టానని చెప్పాను.

ఆమె చేతిలోని సంచి కింద పెట్టింది.

"మరి నా మార్కులు మార్చారా అండీ?"

మార్చటానికి గడువు దాటిపోయిందని చెప్పాను. అది నిజమే. గడువు ఉన్న రోజుల్లో నేను ఒక్క అర్జీ అయినా రాయలేదు. అది మాత్రం చెప్పలేదు. ఆమె తల ఊపి, కృత్తివెన్ను బస్సు రావటంతో సంచి భుజానికి తగిలించుకుని ఎక్కేసింది.