నురగ మేస్త్రి, మరదలి మందు

పంటకు పట్టే బూజు తెగుళ్లను ఆపే సపోనిన్ అనే పదార్థం కొన్ని మొక్కల వేళ్లలో ఉంటుంది. సబ్బులా నురగ కడుతుంది. వేళ్లు ఉడికించి దాన్ని తీయడంలో పంట మందులు చేసే కేంద్రంలో మేస్త్రిని మించినవాళ్లు లేరు. గాజు గొట్టంలో పోసి ఆడించి, నురగ నిలబడితేనే సరుకు బయటికి పంపేవాడు. అందుకే అందరికీ ఆయన నురగ మేస్త్రి. చదివింది తక్కువ, నేర్చిందంతా వేళ్లను ఆవిరితో ఉడికించే గంగాళం దగ్గరే.

అలాంటివాడి పక్క గదిలోకి స్వయానా భార్య చెల్లెలే ఉద్యోగానికి వచ్చింది. వేళ్లూ వద్దు, గంగాళమూ వద్దు, మొక్క జన్యువుల్ని ఈస్టులో పెట్టి దానిచేతే ఆ పదార్థం చేయిస్తానంది. ఇంట్లో భార్య "మా చెల్లి..." అని మొదలుపెడితే ఆయనకు ముద్ద దిగేది కాదు.

మరదలు మొదటి సీసా తెచ్చిన రోజున ఆడించి చూశాడు. నురగ ఇట్టే పోయింది.

"ఏంటమ్మాయ్, ఇది మందా, గిన్నెలు కడిగిన నీళ్లా?"

"దాని అణువుకు నురగ తెప్పించే చక్కెర తోక ఒకటుంటే తగ్గించాను బావా. నురగ రాదు, పని చేస్తుంది. నీ నురగతో బట్టలుతుక్కో!"

అందరూ నవ్వారు. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

టమాటా మొక్కల మీద, చెరో వరుసకు చెరో మందు కొట్టి తేల్చుకుందామన్నాడు మేనేజరు. మరదలిది గెలిస్తే గంగాళం ఆపేస్తారు. మందు కొట్టే పని మాత్రం మేస్త్రిదే. అంత సమంగా కొట్టేవాళ్లు లేరు మరి.

బూజు ఆకు అడుగు నుంచి లోపలికి దూరుతుంది. తన వరుసలో ప్రతి ఆకూ తిప్పి అడుగున తడిపాడు. మరదలి వరుసకు వచ్చేసరికి పైపైన కొట్టుకుంటూ పోయాడు. చూసేవాళ్లకు తేడా తెలియదు. 'తిక్క కుదురుతుంది' అనుకున్నాడు.

పంపు దించి వెనక్కి చూశాడు. ఆ వరుస తన చేతి పనిలా లేదు.

"ఛీ, ఎవడో చేతకానివాడు కొట్టినట్టుంది" అంటూ మళ్లీ పంపు తగిలించుకున్నాడు. ఒక్కో ఆకూ తిప్పి అడుగు తడిపాడు. తిప్పినంతసేపూ మరదల్ని తిడుతూనే ఉన్నాడు.

తర్వాత మొక్కలకు తెగులు అంటించారు. మేస్త్రి వరుసలో అక్కడక్కడా మచ్చలు తేలాయి. మరదలి వరుస కడిగిన ముత్యంలా ఉంది. ఒక్క మచ్చైనా దొరక్కపోతుందా అని ఆయన ఆకు ఆకూ వెతికాడు. దొరకలేదు.

"అడుగున ఎంత బాగా తడిపావు బావా! నావల్లయ్యేది కాదు."

"చాల్లే, నీ మెచ్చుకోలు ఎవడిక్కావాలి?"

మాట ప్రకారం గంగాళం ఆపేసే రోజున ఆవిరి మీట ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు, తనే తిప్పాడు. మరదలి వరుసను మళ్లీ తడిపి చేసింది మంచి పనేనని తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా? చాలా రోజులు మరదలు ఎదురైతే గోడవైపు చూస్తూ నడిచాడు.